ఇద్దరు, ఒక బండి, గోదారి దారి



స్నేహితుడితో కలిసి మోటారు సైకిల్ మీద దూరాలు తిరిగినవాళ్ల రాతలు ఈ సంచిక నిండా ఉన్నాయి. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, కూనవరం, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ దాకా సాగే అడవి దారి వీటన్నిటినీ కలుపుతుంది.

ఇప్పుడే ఎందుకంటే, ఈ దారి మారిపోతోంది. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పట్నం పొలిమేర దాటగానే రాష్ట్రం మారుతుంది. పోలవరం జలాశయం పూర్తిగా నిండితే శబరి గోదావరిలో కలిసే కూనవరం చుట్టూ ఎన్నో కోయ పల్లెలు మునుగుతాయి. వేసవి తొలిరోజుల్లో తెల్లవారుజామునే ఇప్పపూలు ఏరే ఆడవాళ్లనూ, ఆ తర్వాత కల్లాల్లో ఎండే తునికాకు కట్టలనూ ఆ ఊళ్లలోనే చూడాలి. బండి అయితే ఎక్కడంటే అక్కడ ఆపుకోవచ్చు.

మాకు బాగా నచ్చిందొకటి చెప్పాలి. నడిపేవాడికి గుంతలు కనిపిస్తాయి, వెనక కూర్చున్నవాడికి ఊరు కనిపిస్తుంది. మధ్యాహ్నానికి చోట్లు మార్చుకుంటే ఇద్దరికీ రెండూ అందుతాయి. ఈ రచయితలంతా అలా మార్చుకున్నవాళ్లే. అందుకే వీళ్ల రాతల్లో 'నేను' తక్కువ, ఎదుటి మనిషి ఎక్కువ.

చదివి మీరూ బయల్దేరండి. వానాకాలంలో మాత్రం ముందు గోదావరి మట్టం చూసుకోండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద పెరిగితే కూనవరం రోడ్డు మీదికి నీళ్లొస్తాయి.