ఫార్మాటు చేయింపక మునుపు



మన నల్లగొండ, పాలమూరు సీమలలో కంప్యూటరునకు ఏ జబ్బు చేసినను చెప్పెడి మందు ఒక్కటిగ నున్నది. యంత్రము మేల్కొనకున్న ఫార్మాటు, నిదానించిన ఫార్మాటు, తెలుగక్షరములు తాఱుమాఱైన ఫార్మాటు. ఫార్మాటనగా పలకను తడిగుడ్డతో తుడుచుట వంటిది. పలక శుభ్రమగును, వ్రాత పోవును. ఆ వ్రాత యేమిటన్న విచారము మరమ్మతు చేయు పిల్లవానికి ఉండదు. అందులో పిల్లల మార్కుల పత్రములు, పొలము కాగితముల నకళ్లు, పెండ్లి ఫోటోలు, పెద్దలు చెప్పగా ఎక్కించుకొన్న పాటలు ఉన్నవని ఎఱిగినది ఇంటి ఇల్లాలే. కావున తుడువుమని చెప్పుటకు ముందు ఆమె చూచుకొనదగిన సంగతులు కొన్ని ఈ మాసము వ్రాయుచున్నాము.

మొదటిది ధూళి. చైత్ర వైశాఖములలో మన సీమ ఎఱ్ఱమట్టి కిటికీలు మూసినను గదిలోనికి రాక మానదు. అది పెట్టెలోని ఫ్యాను రెక్కలకును, దానిక్రింది లోహపు రేకులకును దట్టముగ పట్టి గాలి ఆడనీయదు. వేడి హద్దు మీఱినపుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై మొదట నెమ్మదించును. అప్పటికిని చల్లబడనిచో యంత్రము ఆరిపోవును. అరగంట పనిచేసి ఆరిపోవుచున్నది, వైరసు పట్టినది అని మాకు చూపిన యంత్రములలో పెక్కింటికి ఉన్నది ఈ ధూళి రోగమే. తీగలన్నియు ఊడదీసి, ప్రక్కరేకు విప్పి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, పొడి మెత్తని కుంచెతో దులుపవలెను. తడిగుడ్డ పనికిరాదు. ల్యాపుటాపును పఱుపుమీదను బొంతమీదను పెట్టి పనిచేయు పిల్లలను మందలింపుడు. దాని ఊపిరిరంధ్రములు చాలవఱకు అడుగుననే యుండును.

యంత్రము అసలు లేవకున్నచో మొదట తీగలు చూడుడు. తెరకు దీపము వెలుగుచు ‘నో సిగ్నల్’ అని కనబడిన, తెర చెడలేదు. వెనుకనున్న తీగ వదులైనదేమో చూడవలెను. ఫ్యాను తిరుగుచు తెర నల్లగానే యుండి బీపు బీపుమని కూతలు వినబడినచో, తఱచుగా అది ర్యాము పలక కదలుటవలన కలుగు బాధ. కరెంటు తీసివేసి, లోహపు పెట్టెను ఒకసారి తాకి, ఆ పలకను తీసి, దాని పసిడివన్నె అంచును పిల్లల రబ్బరుతో మెల్లగ రుద్ది, పొడి దులిపి, టక్కుమను వఱకు మరల నొక్కిన చాలును. ఇక యూపీయస్ అన్నది కరెంటు పోయిన వెనుక సినిమా చూచుటకు కాదు. పని భద్రపఱచి యంత్రమును మర్యాదగ మూయుటకు కావలసిన కొద్ది నిమిషములకే అది ఉన్నది. ఉఱుములు వినబడినపుడు దానిని నమ్ముకొనక ప్లగ్గును, ఇంటర్నెట్టు తీగను ఊడదీయుట మేలు.

రెండవది గడియారము. ఇది చిన్న సంగతి. దీనివలన కలుగు కలవరము పెద్దది. మా వారి శిష్యురాలొకతె డిగ్రీ ప్రవేశమునకై ‘దోస్త్’లో దరఖాస్తు పెట్టబోగా, ఆ పుట యనియేమి, ఏ పుట తెఱచినను సురక్షితము కాదని యంత్రము అడ్డుపడెను. గడువు దగ్గఱపడుచున్నది. ఇంటివారందఱును వైరసు అనుకొనిరి. తెర మూలనున్న తేదీని ఎవ్వరును చూడలేదు. అది ఎన్నియో ఏండ్లు వెనుకకు పోయి యున్నది. సురక్షితమైన ప్రతి పుటకును ఒక ధ్రువపత్రము ఉండును. అది ఏ తేదీనుండి ఏ తేదీవఱకు చెల్లునో దానిపైననే వ్రాసియుండును. మన గడియారము ఆ తేదీలకు వెలుపల నున్నచో, నిజమైన పత్రముకూడ చెల్లని పత్రముగా కనబడును. తేదీ దిద్దిన వెంటనే పుట తెఱచుకొన్నది. పెట్టెలో రూపాయి బిళ్లంత బ్యాటరీ యొకటి కలదు, పేరు సీఆర్ 2032, మూడు వోల్టులది. కరెంటు లేనపుడు గడియారమును నడపునది అదియే. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి తేదీ వెనుకకు పోవుచున్నచో ఆ బిళ్లను మార్పింపవలెను. దానికయ్యెడి ఖర్చు స్వల్పము.

ఇక మూడవది తెలుగక్షరములు. ఈ మాసము మేము వ్రాయదలచినది ముఖ్యముగ దీనిని గూర్చియే.

మాకు నాలుగిండ్ల అవతల నున్న సోదరి యొకతె తన నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటలను చిన్ననాడు నోటుపుస్తకములో వ్రాసికొన్నది. పెద్దామె గతించినది. కొన్నాళ్లకు ఆ పాటలను పట్టణములో ఒక టైపు అంగడిలో కొట్టించి, ఫైలును పెన్‌డ్రైవులో దాచుకొన్నది. పిదప నోటుపుస్తకము చెదల పాలైనది; ఆ అంగడియు మూతపడినది. నిరుడు పండుగకు పదిదినముల ముందు, కూతురిచేత పాడింపవలెనని ఫైలు తెఱవగా, పాటలకు మాఱుగ తలమీద చుక్కలును గీతలును గల ఇంగ్లీషు అక్షరములు, లెక్కల గుర్తులు పుటల కొలది కనబడెను. మరమ్మతు పిల్లవాడు చూచి, వైరసు తినివేసినది, పెన్‌డ్రైవును కంప్యూటరును రెంటిని తుడిచిపెట్టవలెనని తేల్చెను. ఆమె మాయింటికి వచ్చి, “అక్కా, మా నాయనమ్మ పాటలన్ని పాడైపోయినయి. ఫార్మాట్ కొట్టాలె అంటున్నడు” అని కంట నీరు పెట్టుకొన్నది.

పాటలు పాడు కాలేదు. ఎందువలననో చెప్పెదము.

మన పోపులపెట్టె నెంచుకొనుడు. అందఱి పెట్టెలోను అఱలుండును. మాయింట మొదటి అఱలో ఆవాలు, రెండవదానిలో జీలకఱ్ఱ. మీయింట మొదటిది మెంతులు కావచ్చును. మేము “మొదటి అఱలోనిది చెంచాడు, రెండవ అఱలోనిది అరచెంచా” అని మాత్రము వ్రాసి పంపినచో, మీరు మీ పెట్టె ముందఱ పెట్టుకొని చేసిన పులుసు చేదెక్కును. వ్రాతలో తప్పు లేదు. పెట్టె వేఱు. కంప్యూటరు ఫైలులో ఉండునవియు అక్షరములు కావు, అఱల సంఖ్యలే. ఏ సంఖ్యకు ఏ రూపము చూపవలెనో చెప్పునది ఫాంటు.

1922లో మన నల్లగొండనుండి ‘నీలగిరి పత్రిక’ వెలువడు నాటికి అచ్చుకూటములలో సీసపు అక్షరములను అఱలలోనుండి యేఱి కూర్చెడివారు. కంప్యూటరులు వచ్చిన పిమ్మట కొంతకాలము ప్రపంచమున కంతటికిని ఒకటే యైన తెలుగు అఱల వరుస లేకపోయెను. టైపు అంగళ్లలో ప్రసిద్ధికెక్కిన అను మొదలైన ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల అఱలలోనే తెలుగు తలకట్లను, గుడులను, కొమ్ములను, ఒత్తులను అమర్చుకొన్నవి. ఒక్కొక్క ఫాంటు వరుస ఒక్కొక్క తీరు. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణములో తెలుగునకు ప్రత్యేకముగ 128 స్థానములు కేటాయింపబడినవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి యను యూనికోడు ఫాంటు కలదు. నేడు చరవాణిలో మనము చదువునదంతయు ఆ ఉమ్మడి వరుసలోనిదే. పాత ఫాంటుతో కొట్టిన ఫైలు ఆ ఫాంటు లేని యంత్రమునకు చేరినపుడు, అది తన ఇంగ్లీషు పెట్టెనే తెఱచి వడ్డించును. మన సోదరికి జరిగినది ఇదియే.

అక్షరములు చెదరిన తీరును బట్టి కారణము చెప్పవచ్చును. తలపై గుర్తులున్న ఇంగ్లీషు అక్షరములు పలువిధములుగ కలగలసి కనబడిన, అది పాత ఫాంటు ఫైలు. ఖాళీ చతురస్రములే వరుసగ కనబడిన, వ్రాత యూనికోడులో చక్కగనే యున్నది, ఆ యంత్రములో తెలుగు ఫాంటు లేదు. ఒకటి చేర్చిన చాలును. తలపై వాలుగీత గల ఇంగ్లీషు ‘ఏ’ అక్షరము, దాని ప్రక్కన చిన్న సున్నయో, కూడిక తీసివేతల జంట గుర్తో మాటిమాటికి వచ్చుచున్నచో, యూనికోడు వ్రాతను యంత్రము ఇంగ్లీషనుకొని చదువుచున్నదని తెలియును. ఎక్సెలులో పేర్ల పట్టిక తెఱచినపుడు ఇది తఱచు జరుగును. ఫైలును నేరుగ తెఱవక, డేటా అను చోటనుండి టెక్స్ట్ ఫైలుగ రప్పించుకొని, 65001 యూటీఎఫ్-8 అని ఎన్నుకొనిన అక్షరములు కుదురుకొనును. ఒత్తులు మాత్రము విడిపోయి ప్రక్క ప్రక్కన నిలిచినచో ఫైలుకు దోషము లేదు, ఆ సాఫ్టువేరునకు తెలుగు కూర్చుట రాదు. ఈ నాలుగింటిలో దేనికిని ఫార్మాటు మందు కాదు.

మేము చేసినది ఇది. ముందుగ ఆ ఫైలునకు నకలు తీసి, అసలును ముట్టలేదు. నకలును వర్డులో తెఱచి, పిచ్చి అక్షరములపై నొక్కి, పైనుండు ఫాంటు పేరు గడిని చూచితిమి. ఫాంటు యంత్రములో లేకున్నను దాని పేరు ఆ గడిలో నిలిచియుండును, తాళపుచెవి అదియే. ఆ పేరు కాగితముపై వ్రాసికొని, అదే ఫాంటు గల మఱియొక అంగడికి పోగా, తెఱచిన క్షణముననే పాటలు పాటలుగ కనబడెను. అచ్చటనే పీడీఎఫ్ చేయించితిమి. పీడీఎఫులో ఫాంటు రూపములు కూడ ఇమిడి యుండునుగాన ఏ యంత్రమున తెఱచినను మాఱవు. టైపు అంగడిలో శుభలేఖ కొట్టించినను, దరఖాస్తు కొట్టించినను, ఫైలుతోబాటు పీడీఎఫును, వీలైన యూనికోడు ప్రతిని అడిగి తీసికొనుడు.

పీడీఎఫు చదువుటకు మాత్రము చాలును, దిద్దుటకు చాలదు. కావున పాత ఫాంటు వ్రాతను యూనికోడుగ మార్చు సాధనముతో మార్చితిమి. ఇవి ఇంటర్నెట్టులో ఉచితముగ దొరకును. అయితే మార్పు సర్వము సరిగ రాదు. కొన్ని ఒత్తులు ఎగిరిపోయినవి, కొన్నిచోట్ల గుడి దీర్ఘము ప్రక్క అక్షరమునకు తగిలినది. మూడు మధ్యాహ్నములు ఆమె పీడీఎఫు చూచి చదువగా మేము దిద్దితిమి. చదువుట మొదలిడిన రెండవ పాటకే ఆమె చదువుట మాని పాడసాగినది. పని ఆలస్యమైనది, మాకు విచారము లేదు. నాయనమ్మ పలుకుబడిలోని మాటలను సాధనము తప్పనుకొనునేమో గాని మేము ముట్టలేదు. వస్తున్నదన్నచోట వస్తున్నదనియే యుంచితిమి.

ఇంటి పాటలకు ఇంత శ్రమ యేల అని మా వారి మిత్రుడొకరు నవ్విరి. తెలంగాణమున కవులు లేరన్న మాట వచ్చినపుడు పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలు కూర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించిరి. ఎవరో యొకరు దాచి యుంచిన కాగితములు లేకున్న ఆ సంచిక ఎచ్చటినుండి వచ్చును? వారి పేరిట ‘సురవరం’ అను యూనికోడు ఫాంటు 2013లో తయారై, సిలికానాంధ్ర వారిచే ఉచితముగ అందింపబడినది. అది శీర్షికలకు తగిన లావు అక్షరము. మన సోదరి పాటల పుస్తకమునకు పై పేరు దానితోనే పెట్టితిమి. లోపలి పాటలకు సన్నని అక్షరమే కంటికి హితము.

ఇక మీదట ఇంటనే తెలుగు కొట్టదలచినవారు విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని టైమ్ అండ్ లాంగ్వేజ్ క్రింద తెలుగును చేర్చుకొని, ఫొనెటిక్ కీబోర్డు ఎన్నుకొనవచ్చును. విండోస్ మీటను, స్పేసు మీటను కలిపి నొక్కిన ఇంగ్లీషునుండి తెలుగునకు మాఱును. వ్రాసినది ఎచ్చటికి పోయినను తెలుగుగనే చేరును.

నడుమ నొక మాట. మీ కంప్యూటరులో వైరసున్నదని తనంత తాను ఫోను చేసి, ఎనీడెస్కు వంటిది పెట్టించి యంత్రమును తన చేతికిమ్మను వైద్యునితో మాటలాడక ఫోను పెట్టివేయుడు. తెరనిండ ఎఱ్ఱని హెచ్చరిక నిలిచి సైరను మ్రోగినను అందలి నంబరునకు పిలువక ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కి మూయుడు. మూయబడనిచో పవరు మీటను ఒత్తిపట్టి ఆర్పుడు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930కు తెలుపవలెను.

ఇంత చూచినను నిజముగ ఫార్మాటు తప్పని సమయము రావచ్చును. అపుడు పిల్లవాడు, “సీ డ్రైవు ఒక్కటే తుడిచెదను, డీ డ్రైవు జోలికి పోను, మీవి ఏవియు పోవు” అనును. అందులో సగమే నిజము. డెస్కుటాపుపై పెట్టినవి, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అను సంచులలో నున్నవి మామూలుగా సీ డ్రైవులోనే యుండును. ఆ నాలుగింటిని నకలు తీయించి, ఆ నకలును మఱియొక యంత్రముపై తెఱచి చూచుకొనిన తరువాతనే సరే యనుడు. యంత్రము తెఱచుకొనుటలేదు గదా, నకలెట్లు తీయుదునని యతడు పలికిన ఒప్పుకొనకుడు. డిస్కును విప్పి వేఱొక కంప్యూటరునకు తగిలించి తీయవచ్చును. ఆ డిస్కు టక్కు టక్కుమని చప్పుడు చేయుచున్నచో మాత్రము మాటిమాటికి తెఱచి చూడక వెంటనే ఆపవలెను.

క్రొత్త ల్యాపుటాపులు కొన్నింటిలో డిస్కుకు బిట్‌లాకరను తాళము మనకు తెలియకుండగనే పడియుండును. దానికి 48 అంకెల తాళపు సంఖ్య గలదు. అది లేక డిస్కును ఏ యంత్రమునకు తగిలించినను తెఱచుకొనదు. యంత్రము బాగున్న దినముననే మీ మైక్రోసాఫ్టు ఖాతాలో ఆ సంఖ్యను చూచి, నోటుపుస్తకములో ఎక్కించి, రేషను కార్డుతోబాటు పెట్టెలో వేయుడు. చెదలు పట్టని పెట్టెలో.