ఇంట్లో ప్రార్థనకు ఎవరి పర్మిషన్?

దక్షిణ కాలిఫోర్నియాలో శాన్ హువాన్ కాపిస్ట్రానో అని ఒక ఊరుంది. 1776లో ఫ్రాన్సిస్కన్ ఫాదర్లు పెట్టిన మిషన్ చుట్టూ పెరిగిన ఊరు. ప్రార్థన లేకుంటే ఆ ఊరే లేదు. 2011లో ఆ ఊళ్లోనే, సొంత ఇంట్లో బైబిల్ స్టడీ పెట్టుకున్న ఒక కుటుంబానికి మునిసిపాలిటీ 300 డాలర్ల జరిమానా వేసింది. ఒక్కోసారి 50 మంది దాకా వచ్చేవాళ్లు. ఇళ్ల మధ్య మతసంస్థలు కూడాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి ఉండాలన్నది అక్కడి నిబంధన. అలాంటి అనుమతికి దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి, ఇరుగుపొరుగు వచ్చి అభ్యంతరాలు చెప్పే విచారణలో చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ కుటుంబం కోర్టుకెక్కింది. నలుదిక్కులా విమర్శలు రేగాక మునిసిపాలిటీ డబ్బు తిరిగిచ్చి నిబంధన మార్చుకుంది.

డబ్బు తిరిగొచ్చింది కాబట్టి అన్యాయం తీరిపోయిందని నేననుకోను. అదే ఇంటికి అదే 50 మంది ప్రతి ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి, బీరు సీసాలతో, కేకలతో వచ్చి ఉంటే ఏ అధికారీ ఆ గుమ్మం తొక్కేవాడు కాదు. అవే కార్లు, అదే పార్కింగ్, అవే కుర్చీలు. మారిందల్లా లోపల నోటి వెంట వచ్చే మాట. ఆ మాటను బట్టి జరిమానా వేసే హక్కు భూమ్మీద ఏ మునిసిపాలిటీకీ లేదు. ఏడాది ముందు, 2010లో, అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం ఇంతకన్నా ముందుకెళ్లింది. ఏడుగురు సభ్యులున్న చర్చిని ఇళ్లలో కూడొద్దని నోటీసిచ్చింది. ఏడుగురు! మన దగ్గర పేరంటానికి వచ్చే ముత్తయిదువులు అంతకన్నా ఎక్కువ ఉంటారు. అక్కడా గొడవ అయ్యాకే నిబంధన మారింది.

ఏ జాగాను దేనికి వాడాలో చెప్పే ఈ జోనింగ్ నిబంధనలే వద్దని నేననను. రసాయనాల ఫ్యాక్టరీ పక్కన కాపురమంటే ఏమిటో పటాన్‌చెరు జనానికి తెలుసు. ఇళ్లు ఒకచోట, దుకాణాలు ఒకచోట, ఫ్యాక్టరీలు ఒకచోట ఉండాలని ఊరు నిర్ణయించుకోవచ్చని 1926లో ఒహాయోలోని యూక్లిడ్ గ్రామం కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అందులో తప్పేమీ లేదు. కానీ అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1917లో, నల్లవాళ్లు తెల్లవాళ్ల వీధుల్లో కాపురం ఉండకూడదని లూయివిల్ నగరం చేసిన శాసనాన్ని అదే కోర్టు కొట్టేయాల్సి వచ్చింది. తొలినాళ్ల నుంచీ ఈ అధికారాన్ని పొగను దూరం పెట్టడానికీ వాడారు, మనుషుల్ని దూరం పెట్టడానికీ వాడారు. రెండో పని బాహాటంగా చేయడం కుదరనప్పుడు పార్కింగ్ లెక్కల చాటున చేశారు.

న్యూయార్క్ రాష్ట్రంలో రాక్‌లాండ్ కౌంటీలోని ఎయిర్‌మాంట్ సంగతి చూడండి. ఆర్థడాక్స్ యూదులు తమ వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు వాహనం ఎక్కరు. నడిచి వెళ్లేంత దూరంలోనే ప్రార్థన జరగాలి. పదిమంది మగవాళ్లు కూడితే తప్ప కొన్ని ప్రార్థనలు చెప్పకూడదు. అందుకే ఎన్నోచోట్ల వాళ్ల మతగురువు రబ్బీగారి ఇంటి ముందుగదే వాళ్లకు సినగాగ్, అంటే ప్రార్థనామందిరం. ఆ ముందుగదిని మూయిస్తే చాలు, ఆ కుటుంబాలు ఆ వీధిలో బతకలేవు. పొమ్మని ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. 1991లో ఎయిర్‌మాంట్ సొంత జోనింగ్ అధికారం కోసం విడిగా గ్రామంగా ఏర్పడింది. ఆ అధికారాన్ని యూదుల్ని బయట ఉంచడానికే తలపెట్టారని జ్యూరీ తేల్చింది, 1995లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరిగి నిలబెట్టింది. అంతటితో బుద్ధి రావాలి. రాలేదు. 2005లో ఫెడరల్ న్యాయశాఖ మళ్లీ దావా వేయాల్సొచ్చింది. 2020 డిసెంబరులో మరోసారి వేసింది. ఇంట్లో ఎంత జాగా ప్రార్థనకు వాడుకోవచ్చో, ప్రార్థనకు ఎవర్ని పిలుచుకోవచ్చో కూడా గ్రామం కట్టడి చేసిందన్నది ఈసారి ఆరోపణ. నా ఇంట్లో నా దేవుడి ముందు ఎంత జాగా ఉండాలో, నా పక్కన ఎవరు కూర్చోవాలో ఊరి బోర్డు టేపు పెట్టి కొలవడమా? దీన్ని పట్టణ ప్రణాళిక అని పిలవడానికి నోరెలా వస్తుంది?

ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గర కోనికోవ్ అనే రబ్బీ కేసులో అసలు గుట్టు కోర్టు సాక్షిగా బయటపడింది. ఇంట్లో ప్రార్థనలు జరుపుతున్నందుకు ఆరెంజ్ కౌంటీ ఆయనకు రోజుకు 50 డాలర్ల చొప్పున జరిమానా వేసింది. అంతే మంది, అన్నిసార్లు, సరదాగానో కుటుంబ వేడుకకో కలిస్తే తప్పవుతుందా అన్న ప్రశ్న వచ్చింది. కాదని కౌంటీ మనుషులే ఒప్పుకున్నారు. మతం కోసం కలిస్తేనే తప్పట. 2005లో అప్పీలు కోర్టు ఇది చెల్లదంది. ఆ తీర్పుకు ఆధారం 2000 సంవత్సరంలో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టం. భూమి వాడకం నిబంధనల్లో మతపరమైన కూడికను మతేతర కూడిక కన్నా తక్కువగా చూడకూడదని ఆ చట్టం శాసిస్తోంది. ఉభయ సభల్లో ఒక్కరూ అడ్డు చెప్పకుండా ఆమోదం పొందిన చట్టమది. నేను అడుగుతున్నదీ ఆ సమానత్వమే, ఇసుమంత ఎక్కువ కాదు.

ఎక్కువ అడగనని ఎందుకంటున్నానో చెప్పాలి. 2021 ఏప్రిల్‌లో, కోవిడ్ రోజుల్లో, కాలిఫోర్నియా ఇళ్లలో మూడు కుటుంబాలకు మించి కలవొద్దంది. మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న శాంటా క్లారా కౌంటీలో ఇంటి బైబిల్ స్టడీ నడుపుకునేవాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు 5-4 తేడాతో వాళ్ల వైపు నిలిచింది. సెలూన్లకూ దుకాణాలకూ ఉన్న వెసులుబాటు ఇంటి ప్రార్థనకెందుకు లేదని అడిగింది. ఆ తీర్పు నాకు నచ్చలేదు. ఆ నిబంధన ఇంట్లో పుట్టినరోజు పార్టీకీ అంతే వర్తించింది. జబ్బుకు దేవుడి పేరు తెలియదు. అందరి ఇళ్లకూ ఒకే కొలత పెట్టినప్పుడు ప్రార్థన చేసేవాళ్లు కూడా దానికి తలవంచాల్సిందే. రగడ అంతా ప్రార్థన చేసేవాళ్లకు మాత్రమే విడిగా కొలత పెట్టినప్పుడు.

ఇప్పుడు అక్కడి తెలుగువాళ్లతో నేరుగా మాట్లాడతాను. ఫ్రిస్కోలో, ప్లేనోలో, ఎడిసన్‌లో గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం చేస్తే 80 మంది వస్తారు. గురువారం సాయి భజన, శనివారం విష్ణు సహస్రనామ పారాయణం, శుక్రవారం రాత్రి తెలుగు క్రైస్తవుల ఇంటి కూడిక, కార్తీకమాసంలో అయ్యప్ప పడిపూజ. వీధికి రెండు వైపులా కార్లే. మనల్ని ఇంకా ఎవరూ ఆపలేదు కాబట్టి ఈ గొడవ మనది కాదనుకుంటున్నాం. మీ పక్కనే, డాలస్ ఉత్తరాన, కాలిన్ కౌంటీ పరిధిలో, ఒక యూదు కుటుంబం ఇంట్లో చిన్న సినగాగ్ నడుస్తోందని ఇంటి యజమానుల సంఘం దావాకు దిగింది. 2015లో కోర్టు దాన్ని కొట్టేసింది. వెంటనే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేదంటూ నగరపాలక సంస్థ రంగంలోకి దిగింది. ఒకరు వదిలితే ఇంకొకరు. పైగా ఆ 2000 నాటి చట్టం ప్రభుత్వాల నిబంధనల కోసం పుట్టింది. మీరు ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన యజమానుల సంఘం ఒప్పందం మీదకు దాని చెయ్యి నేరుగా చేరదు. ఆ వంద పేజీల కాగితాన్ని మనలో ఎందరు చదివి సంతకం పెట్టారు?

ఇంకో ప్రశ్న దీనికన్నా కఠినమైనది. టెక్సాస్‌లో మీ ఇంటి భజన మీద ఫిర్యాదు వస్తే జాత్యహంకారమని మండిపడే మీరు, సొంత ఊళ్లో గృహకూడికను మూకలు అడ్డుకున్న వీడియో ఫోనులోకి రాగానే చప్పట్లు కొడుతూ పదిమందికి పంపిస్తున్నారు. అందరూ అని అనను. పంపేవాళ్లకు తాము పంపుతున్నామని తెలుసు. అక్కడ మైనారిటీగా కోరుకునే రక్షణ ఇక్కడి మైనారిటీకి దక్కకూడదనడం ఏ ధర్మం?

మన దేశంలో ఇంట్లో ప్రార్థన చేసుకోవడానికి అనుమతి తీసుకోమని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 25వ అధికరణ మత స్వేచ్ఛకు శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. పక్కింటివాడి ఇష్టాయిష్టాలు ఆ జాబితాలో లేవు. ఆయుధాలు లేకుండా శాంతంగా కూడే హక్కును 19వ అధికరణ ఇచ్చింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఇవన్నీ ఉండగా 2022 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ జిల్లా దుల్హేపూర్‌లో ఏం జరిగింది? ఇంటి దగ్గర నలుగురూ కూడి నమాజు చేశారని 26 మంది మీద పోలీసులు కేసు పెట్టారు. వర్గాల మధ్య ద్వేషం రగిలించేవాళ్ల మీద వాడే సెక్షన్ కింద! దేశమంతా అడిగాక ఆధారాల్లేవని కేసు మూసేశారు. మూసేసిన కేసు కూడా శిక్షే. ఆ రోజుల్లో ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో, పిల్లలు బడికి ఎలా వెళ్లారో ఏ ఎఫ్ఐఆర్‌లోనూ ఉండదు.

దళితవాడలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎక్కడ జరుగుతుంది? రెండు గదుల ఇంటి వసారాలో. పక్కింటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు, మిగతావాళ్లకు చాపలు, ఒక కంజీర. చర్చి కట్టడానికి స్థలం లేదు, డబ్బు లేదు. ఊరి గుడిలోకి తాతలకు ప్రవేశం లేదు. ఉన్నదల్లా ఆ వసారా. అక్కడికొచ్చి పర్మిషన్ ఉందా అని గద్దించేవాడు ఏ జీవో, ఏ సెక్షన్ అని అడిగితే జవాబు చెప్పలేడు. ఇది పేదవాడి దేవుడి మీద మాత్రమే పడే నిబంధన. డబ్బున్నవాడి దేవుడికి ఫంక్షన్ హాలుంటుంది, ట్రస్టుంటుంది, లాయరుంటాడు. ఈ నేల మీద ప్రార్థన ముందు ఇంట్లోనే పుట్టింది. పాతబస్తీ ఇళ్లలోని ఆషూర్‌ఖానాల్లో మొహర్రం మజ్లిస్‌లు తరతరాలుగా జరుగుతున్నాయి. వీధి అరుగుల మీద భజనలు జరిగాయి. ఎవరూ ఎవరి దగ్గరా ముద్ర వేయించుకోలేదు.

మతమార్పిడి జరుగుతోంది కదా అంటారు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మతం బోధించే హక్కు ఉందిగానీ ఎదుటివాణ్ణి మార్చే హక్కు లేదంది. బోధకులకు మింగుడుపడని తీర్పు అది. అంతటి తీర్పు కూడా ఇంట్లో కూడి ప్రార్థించడం నేరమనలేదు. బలవంతం జరిగిందా, ప్రలోభపెట్టారా? సాక్షిని తెండి, సాక్ష్యం చూపండి, కోర్టులో నిరూపించండి. అది చేతగాక వసారాలో కళ్లు మూసుకుని కూర్చున్న ముసలమ్మ ముఖం మీద కెమెరా పెట్టడం పిరికితనం.

చప్పుడు సంగతంటారా? ఆ విషయంలో నేను మీ వైపే, గట్టిగా మీ వైపే. 2000లో మద్రాసులోని ఒక కాలనీవాళ్లు చర్చి లౌడ్‌స్పీకర్ల మీద వెళ్లిన కేసులో, పక్కవాళ్ల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు స్పష్టంగా అంది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు ఇళ్ల ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దన్నాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు మోగకూడదన్నాయి. వాటిని అమలు చేయండి. చర్చి మైకు మీద, మసీదు మైకు మీద, వినాయక మండపం డీజే మీద ఒకే మీటరు పెట్టి అమలు చేయండి. రోడ్ల మీద, పార్కుల్లో, బహిరంగ స్థలాల్లో కొత్తగా అనధికార ప్రార్థనా మందిరాలు కట్టనివ్వొద్దని 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది కదా, ముందు దాన్ని పాటించండి. అందరిదైన రోడ్డు మధ్య లేచిన దేవుణ్ణి ముట్టుకునే ధైర్యం లేని యంత్రాంగం ఒకరి సొంత ఇంటి తలుపు మాత్రం తట్టగలుగుతోంది.

ఇంట్లో కూడడం వేరు, ఇంటిని చర్చిగానో గుడిగానో మార్చి బోర్డు కట్టి మెట్ల నిండా జనాన్ని నింపడం వేరు. ఆ తేడా నాకు తెలుసు. వందలమందిని ఇరుకు గదుల్లోకి తోస్తే నిప్పు అంటుకున్న రోజు దేవుడి పేరు చెప్పి తప్పించుకోలేం. బయటికి దారి, మెట్ల వెడల్పు, జనం లెక్క, ఇవన్నీ అడగండి. ట్యూషన్ సెంటర్‌ను అడిగినట్టే అడగండి. కిట్టీ పార్టీని వదిలేస్తే ఇంటి ప్రార్థననూ వదిలేయండి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్టుమెంట్లలో ఉంటున్నవాళ్లు తమ అసోసియేషన్ బైలాస్ తీసి చదవాలి. ఫ్లాట్లలో మతపరమైన సమావేశాలు నిషిద్ధమన్న వాక్యం ఉందేమో చూడాలి. ఉంటే దాన్ని వచ్చే జనరల్ బాడీ మీటింగులో కొట్టేయించి, దాని స్థానంలో రాత్రి పది తర్వాత చప్పుడు చేయకూడదనీ, సెల్లార్‌లో ఇంకొకరి జాగాలో బండి పెట్టకూడదనీ రాయించాలి. ఆ మాట ఎత్తాల్సింది ఆ బ్లాకులో ఏ మతంవాళ్లు ఎక్కువమంది ఉన్నారో వాళ్లే. మూడో అంతస్తులో ఒంటరిగా ఉన్న ఆ ఒక్క కుటుంబం చేత అడిగించకండి.