ఆగమం: ఒక పారిభాషిక పదవిచారం

వస్తువు చేతులు మారిన చరిత్రను ఆంగ్లంలో ‘ప్రావెనెన్స్’ అంటారు. ‘వెలికి వచ్చు’ అనే లాటిన్ క్రియ దానికి మూలం. ‘లభ్యస్థానం’ అనే అనువాదం చాలదు. 18వ శతాబ్ది చివర నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. శిథిలాలయం కింద కుండలో రోమను నాణేలు బయటపడ్డాయి. పాత బంగారంగా అమ్ముడుపోయి చాలావరకు కరిగిపోగా, ముప్పైకి పైగా నవాబు కుమారుడు అమీరుల్ ఉమరాకు చేరాయి. అలెగ్జాండర్ డేవిడ్సన్ లేఖ ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ రెండవ సంపుటంలో అచ్చయినందువల్లనే ఈ వృత్తాంతం దక్కింది. రైతు మొదలు నవాబు కుమారుని వరకు నడిచిన ఈ వరుస ‘లభ్యస్థానం’లో ఇమడదు.

ధర్మశాస్త్రంలో ‘ఆగమం’ అంటే స్వత్వం సంక్రమించిన విధం. వంశక్రమాగతమైన అనుభవం మినహా, భోగంకంటె ఆగమమే బలవత్తరమని యాజ్ఞవల్క్యుని నిర్ణయం. ‘వచ్చుట’ అనే ధాత్వర్థమూ లాటిన్ మాటకు సరిపోతున్నది. శైవాగమాదులతో భ్రాంతి కలుగుననేవారు ‘స్వామ్యాగమం’ అనవచ్చు.