పురానాపూల్ సేతువు – సుకృతానికి మతభేదం లేదు

మూసీనదిపై 22 కమానులతో నిలిచిన పురానాపూల్ క్రీ.శ. 1578లో, గోలకొండ ప్రభువు ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో నిర్మితమైనది. భాగ్యనగర ప్రతిష్ఠకు అది 13 సంవత్సరాలు పూర్వం. 1908 సెప్టెంబరు నాటి ఘోర జలప్రళయాన్ని సైతం తట్టుకొని నేటికీ నిలిచి ఉన్నది. వాహనాలు పోయిన ఆ సేతువుపై ఇప్పుడు కూరగాయల విక్రేతలు జీవనం సాగిస్తున్నారు.

ఆ ప్రభువు కాలం (1550–1580) కేవలం శిలానిర్మాణాల కాలం కాదు. హుస్సేన్‌సాగర్ తటాకం ఆనాటిదే. అద్దంకి గంగాధరకవి భారతకథను గైకొని రచించిన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ ఆయనకే అంకితం. తెలుగు కవులు ఆయనను ‘మల్కిభరాము’డని ఆత్మీయంగా పిలుచుకొన్నారు. పొన్నగంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యమైన ‘యయాతి చరిత్రము’ను ఆయన అధికారి అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. జలం, శిల, వాక్కు – మూడూ ఒకే పాలనలో వికసించిన అభ్యుదయమిది.

అయితే ఆస్తికుల హృదయంలో ఒక శల్యం ఉన్నది. యౌవనంలో ప్రాణభయంతో విజయనగరాన్ని ఆశ్రయించి, అక్కడ ఏడేళ్లు ఆతిథ్యం పొందినవాడు ఈ ఇబ్రహీమే. 1565లో ఆ విజయనగరంపై దండెత్తిన సుల్తానుల కూటమిలో చేరినవాడూ ఇతడే. అట్టివాని వంతెనను మనమేల ప్రశంసించాలి? ఈ ప్రశ్న అసత్యం కాదు. ఆ వేదనను తేలికగా త్రోసిపుచ్చరాదు.

కానీ మన శాస్త్రం చెప్పే కర్మసిద్ధాంతాన్ని ఇక్కడ విస్మరించరాదు. సుకృతదుష్కృతాలు పరస్పరం రద్దుచేసుకొనే జమాఖర్చులు కావు. దేని ఫలం దానిదే. సేతునిర్మాణ పుణ్యం మిత్రద్రోహాన్ని కడగజాలదు. మిత్రద్రోహమూ సేతువును కూల్చజాలదు. కర్తను చూచి కర్మను తూచడం అవివేకం. నది దాటించే కార్యం పూర్తకర్మ. బావులు, చెరువులు త్రవ్వించడం వంటిది. అది ఎవరు చేసినా ధర్మమే. బాటసారి మతమేదని ఆ శిల ఏనాడూ అడుగలేదు.

ఛాందోగ్యోపనిషత్తు ఆత్మనే సేతువుగా వర్ణించినది. జరామృత్యుశోకాలు, సుకృతదుష్కృతాలు కూడా ఆ సేతువును దాటలేవని చెప్పినది. అనగా రాజు కీర్తి, రాజు పాపం రెండూ ఈ గట్టునే మిగిలిపోతాయి. ఈ వివేకం కలిగిన సాధకుడు ఇబ్రహీమును పూజించనూ అక్కరలేదు, అతని సత్కార్యాన్ని మరుగుపరచనూ అక్కరలేదు. రెండు సత్యాలనూ ద్వేషరహితంగా వహించడమే సమదర్శనం.

ఇక మన వంతు విచారింపవలసి ఉన్నది. అనంతగిరిలో పుట్టి, వాడపల్లి వద్ద కృష్ణవేణిలో లీనమయ్యే ఈ నదికి పౌరాణిక నామం ముచికుంద. తీర్థంగా స్మరించవలసిన ఆ జలాన్ని నగరపు మురుగుతో నింపినది కుతుబ్‌షాహీలు కాదు. ప్రతిదినం నదీస్తుతి చేసే మనమూ అందులో భాగస్వాములమే. అన్యుడు కట్టిన వంతెనలో దోషాలు వెదకేముందు, దాని క్రింద ప్రవహించే తల్లికి మనం ఏమి చేశామని ప్రశ్నించుకొందాం. పూర్వుల దుష్కృతానికి మనం కర్తలం కాము. నేటి దుష్కృతానికి మాత్రం మనమే కర్తలం.