వంశదోషం ఎవరింటిది?

ఇరవయ్యారేళ్ళ మనిషికి చెయ్యి వణికితే మా నెల్లూరు తీరంలో మొదట వచ్చే మాట ‘పొద్దున్నే మందేశాడు’. నడుస్తుంటే కాలు మెలి తిరిగితే ‘గాలి సోకింది’. పార్కిన్సన్ జబ్బని డాక్టరు తేల్చాక మూడో మాట: ‘వాళ్ళమ్మ తెచ్చిన దోషం’. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా మా చుట్టాల నోట మూడూ విన్నాను. నా కోపం మూడోదాని మీద.

చిన్న వయసులో వచ్చే ఈ జబ్బుకు ముఖ్య కారణాల్లో పార్కిన్ అనే జన్యువు ఒకటి. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. కణంలో పాడైన మైటోకాండ్రియాను ఊడ్చిపారేయించే పని దీనిది. జబ్బు రావాలంటే అమ్మ ఇచ్చిన ప్రతీ, నాన్న ఇచ్చిన ప్రతీ రెండూ చెడిపోవాలి. ఒక్కటే చెడిన తల్లిదండ్రులు మామూలుగానే ఉంటారు, వాళ్ళకు ఏ కాన్పులోనైనా నాలుగింట ఒక వంతు ప్రమాదం. కోడల్ని తిట్టే నాయనమ్మ సగం తప్పు కొడుకు ఖాతాలో రాసుకోవాలి గదా! ఆ కోడలు ఆమె అన్న కూతురే అయితే, రెండు చెడ్డ ప్రతులూ నాయనమ్మ పుట్టింటివే అయ్యుంటాయి. ఈ మాట పంచాయితీలో ఎవరూ అనరేం?

దాచిపెడితే పోయేది మందు. లెవోడోపా చిన్న మోతాదుకే వీళ్ళలో చాలామంది తేరుకుంటారు. (ఒళ్ళు అదుపు తప్పి ఊగడమూ తొందరగానే మొదలవుతుంది, అందుకే డాక్టరు కావాలి.) ఆ ఎల్-డోపాను మన దూలగొండి గింజల్లోంచి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి విడదీశారు. మనమింకా తాయెత్తుల దగ్గరున్నాం. మావాడొకడు చెల్లెలి సంబంధం చెడుతుందని మాత్ర చాటుగా మింగుతాడు.

ఇక ‘మేనరికాలు మానితే చాలు’ అనే సంస్కర్తలు. మేనరికం ప్రమాదాన్ని పెంచుతుంది, మేనమామతో పెళ్ళి ఇంకా పెంచుతుంది, కాదనను. కానీ చిన్న గుంపు తరతరాలుగా తనలో తానే పెళ్ళిళ్ళు చేసుకుంటే దూరపు సంబంధమూ దగ్గరదే. సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లోనే ఈ సంగతి చెప్పారు. మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో వాడే సక్సినైల్‌కోలిన్ పడక గంటలకొద్దీ ఊపిరి యంత్రం మీద ఉంచాల్సొస్తుంది, అదీ ఇలాంటి వారసత్వమే. దీని గురించి సంస్కర్తలు నోరెత్తరు. పెళ్ళి ప్రకటనలో ‘మేనరికం వద్దు’ అని రాసి, కింద ‘మా శాఖవారే కావలెను’ అని కూడా రాస్తారు.