ఆపరేటర్ తప్పిదమేనా?

మా ప్రాజెక్టులో ప్రమాదాలు నమోదు చేసే స్క్రీన్ ఒకటుంది. అందులో "కారణం" దగ్గర డిఫాల్టుగా ఉండేది "ఆపరేటర్ తప్పిదం". ఆ కోడ్ రాసింది నేనే. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.

గోదాములకి సాఫ్ట్‌వేర్ రాయడం మా పని. మొన్నామధ్య ఇక్కడ కాలిఫోర్నియాలో ఓ క్లయింటు గోదాముకి వెళ్ళా. అప్పటిదాకా నాకు ఫోర్క్‌లిఫ్ట్ అంటే మ్యాపు మీద కదిలే చుక్క. దగ్గర్నుంచి చూస్తే గుండె గుభేలుమంది. రెండున్నర టన్నులెత్తే బండి, తానే దాదాపు నాలుగు టన్నులుంటుంది. వెనక చక్రాలు తిరుగుతాయి కాబట్టి మలుపులో తోక బయటికి ఊగుతుంది. ముందున్న సరుకు దారిని కప్పేస్తుంది. సరుకు పైకెత్తి వేగంగా తిప్పితే బండి పక్కకి ఒరిగిపోతుంది. అప్పుడు మనిషన్నవాడు దూకాలనే చూస్తాడు. దూకితే పైనున్న ఇనప చట్రం వాడి మీదే పడుతుంది. బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని లోపలే ఉండాలి.

ఇవన్నీ నేర్పాలని అమెరికాలో 1999 నుంచి రూలుంది. మూడేళ్ళకోసారైనా డ్రైవర్ని మళ్ళీ పరీక్షించాలి కూడా. "నేర్పారుగా, అయినా పడితే వాడి తప్పేగా?" అంటారు మా మేనేజర్లు.

ఆగండి బాబూ! ఆ డ్రైవర్ ముందు మేం పెట్టిన స్క్రీన్ ఏం చెప్తోంది? ఈ ప్యాలెట్‌కి ఇన్ని సెకన్లు, దాటితే ఎరుపు. ఆ ఫార్ములా నాకు తెలుసు. దూరాన్ని వేగంతో భాగించడం, ఎత్తి దించే సెకన్లు కలపడం, అంతే. మలుపు దగ్గర ఆగి హారన్ కొట్టే టైము అందులో లేదు. అంటే రూలు పాటిస్తే ఎరుపు, పాటించకపోతే ఆకుపచ్చ. నెలంతా ఆ ఆకుపచ్చకి చప్పట్లు కొట్టి, ఓ రోజు ఎవడి కాలో నలిగితే "ఆపరేటర్ తప్పిదం" అని క్లిక్ చేస్తాం!

2022 నుంచి కాలిఫోర్నియాలో పెద్ద గోదాములకి ఓ చట్టం ఉంది. టార్గెట్ ఎంతో పనివాళ్ళకి రాసివ్వాలి. బాత్రూముకి వెళ్ళనివ్వని, భద్రతా చట్టాలు పాటించనివ్వని టార్గెట్ పెట్టకూడదు. మంచిదే. కానీ చట్టం తనంతట తాను ఫార్ములాలోకి దూరదు కదా, ఎవడో ఒకడు టైపు చెయ్యాలి.

"మనం కోడర్లం, మనకెందుకు" అనకండి. సర్వర్ పడిపోతే ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడి మీదకి తోసేసి ఊరుకుంటామా? అసలు కారణం తేలేదాకా తవ్వుతాం. సర్వర్ మీదున్న శ్రద్ధ మనిషి మీద ఉండదా?

ఆ డిఫాల్ట్ తీసేశా. కారణాల్లో "టార్గెట్ టైము" అని ఒకటి చేర్చా. "క్లయింటు అడగలేదు" అని రివ్యూలో తిప్పికొట్టారు. మళ్ళీ పంపిస్తా. మీ ప్రాజెక్టులో డిఫాల్ట్ ఏముందో మీరూ ఓసారి చూసుకోండి.