సమందర్ ముందు అకడ్ చెల్లదు

ఉర్దూలో ‘లచక్’ అని ఒక మాట ఉంది. వంగి మళ్లీ నిలబడే గుణం అది. దానికి ఎదురుమాట ‘అకడ్’. బిగుసుకుపోవడం, పొగరు రెండూ అందులోనే ఉన్నాయి. అలల నుంచి కరెంటు తీయాలనుకున్న వాళ్ల కథ చదివినప్పుడల్లా నాకు ఈ రెండు మాటలే గుర్తొస్తాయి.

1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసరికి పడమటి దేశాలకు ఫికర్ పట్టుకుంది. ఎడింబరోలో స్టీఫెన్ సాల్టర్ అనే ఇంజనీరు అల మీద బాతులా తలాడించే యంత్రం తయారుచేశారు. 1982లో బ్రిటన్ సర్కారు ఆ పరిశోధనలకు పైసలు కోసేసింది.

తర్వాత అదే ఊళ్లో ‘పెలామిస్’ పుట్టింది. ఎర్రటి ఇనుప గొట్టాలను కీళ్లతో కలిపిన 120 మీటర్ల పాము. అల వస్తే కీలు దగ్గర వంగుతుంది. ఆ వంపు లోపలి పంపులను నెడుతుంది, నూనె ఒత్తిడితో జనరేటర్ తిరుగుతుంది. 2004లో ఆర్క్నీ దీవుల దగ్గర గ్రిడ్డుకు కరెంటిచ్చింది. 2008లో పోర్చుగల్ తీరంలో ఇలాంటివి మూడు దించారు, ఒక్కొక్కటి 750 కిలోవాట్లు. కొన్ని నెలలకే ఒడ్డుకు లాక్కొచ్చారు. బేరింగుల ఖరాబీ ఒకటి, డబ్బు పెట్టినవాళ్లు మునగడం ఇంకొకటి. 2014లో కంపెనీ దివాలా తీసింది.

మరికొందరు ఇనుమే వద్దన్నారు. ఫార్లీ, రైనీ అనే ఇద్దరి ‘అనకొండ’ నీళ్లు నింపిన రబ్బరు గొట్టం. అల నొక్కితే లోపల ఉబ్బు పుట్టి తోకదాకా పరుగెత్తి టర్బైన్ తిప్పుతుంది. దాని చిన్న నమూనాలను నీటి తొట్టెల్లో పరీక్షించారు.

నా రాయ్ ఇది. యంత్రాలకు లచక్ వచ్చింది, ఖజానాకు రాలేదు. సముద్రంలో పనికి సబర్ కావాలి. మూడేళ్లలో లాభం హిసాబ్ అడిగేవాడు అక్కడ నిలవలేడు. అయినా స్కాట్లాండు ఒక అఖల్‌మందీ పని చేసింది. పెలామిస్ మునిగాక దాని ఇల్మ్‌ను ‘వేవ్ ఎనర్జీ స్కాట్లాండ్’ అనే సర్కారీ సంస్థ చేతికి తెచ్చుకుంది. నుక్సాన్ అయింది గానీ, నేర్చుకున్నది గల్లంతు కాలేదు.

మన దేశమూ వెనకబడలేదు. 1991లోనే కేరళలోని విళింజంలో ఐఐటీ మద్రాసువాళ్లు 150 కిలోవాట్ల అలల ప్లాంటు నడిపారు. అది వంగే రకం కాదు, గట్టి కాంక్రీటు గది. ఇప్పుడది లేదు. అందులో ఏం చెడింది, ఏం పనిచేసింది అన్నది మామూలు మనిషి చదివే జబాన్‌లో దొరకాలి. అవామ్ పైసలతో కట్టినదానికి జవాబ్ అవామ్‌కే ఇవ్వాలి.

“సోలార్ చవక కదా, ఇదంతా ఎందుకు?” అంటారు. సోలార్ వద్దని నేననను. రాత్రి సూరజ్ ఉండడు, అల ఉంటుంది. మన అలలు ఉత్తర అట్లాంటిక్ అంత జోరువి కావు, నిజమే. అందుకే పెద్ద పెద్ద ఎలాన్లు వద్దు. తీరంలో ఓ చిన్న ఊరికి ఉప్పునీళ్లు మంచినీళ్లు చేసేపాటి కరెంటు వచ్చినా చాలు. కానీ లంగరు ఎక్కడ వేయాలో ముందుగా చేపలు పట్టేవాళ్లను అడగాలి. ఆ పానీ మీద వాళ్ల రోజీ ఉంది. వాళ్లను పక్కనబెట్టి గీసిన నక్షా ఎంత లచీలా యంత్రానిదైనా, అందులో ఉన్నది అకడే.